తూర్పున పుట్టిన పిల్లల గుండె

సభకు నమస్కారం.

గుండె జబ్బుల మీద మాట్లాడేవాళ్లు మామూలుగా నలభై దాటినవాళ్లను ఉద్దేశించి మాట్లాడతారు. నేను ఈ రోజు మూడేళ్ల పిల్లలతో మొదలుపెడతాను. వాళ్లు ఫిన్లాండ్ పిల్లలు. అంత దూరం ఎందుకు వెళ్తున్నానంటే, ఒకే దేశంలో ఒకవైపు మనుషులు గుండెపోటుతో ఎక్కువగా, ఇంకోవైపు మనుషులు తక్కువగా ఎందుకు చనిపోతున్నారన్న ప్రశ్నను పట్టుకుని, వేరు తగిలేదాకా తవ్వుకుంటూ పోయినవాళ్లు అక్కడి పరిశోధకులు. అరవై ఏళ్లకు పైబడినా ఆ తవ్వకం ఆగలేదు. పెద్దల దగ్గర మొదలై, పిల్లల దగ్గరికి వచ్చి, చివరికి ఆ పిల్లల తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు పుట్టిన ఊళ్లదాకా వెళ్లింది.

ఆ దేశపటం ఒకసారి మనసులో గీసుకోండి. నైరుతి మూలన సముద్రపు ఒడ్డున తుర్కు నగరం. అక్కడి నుంచి ఈశాన్యంగా బయలుదేరితే సరస్సులూ అడవులూ దాటుకుంటూ రష్యా సరిహద్దు పక్కన ఉన్న ఉత్తర కరేలియాకు చేరతాం. పడమట మంచి పంటభూములు, పాత రేవు పట్టణాలు. తూర్పున అడవిలో కలప కొట్టుకుంటూ, పాడి మీద బతికే చిన్న రైతులు. అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, ఫిన్లాండ్‌లో ఒకచోట సరిపెట్టకుండా రెండు చోట్ల మనుషులను ఎంచుకున్నారు. తూర్పున ఇలోమాంట్సి ప్రాంతం, నైరుతిన పోయుత్యా, మెల్లిలా గ్రామాలు. అందరూ 40 నుంచి 59 ఏళ్ల మగవాళ్లే. ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తూ వస్తే, మొత్తం 16 బృందాల్లోనూ గుండెపోటు మరణాలు అన్నిటికన్నా ఎక్కువగా తేలింది తూర్పు ఫిన్లాండ్‌లో. పడమటి గ్రామాలు కూడా పెద్ద ఆరోగ్యంగా ఏమీ లేవు, కానీ తూర్పుతో పోలిస్తే స్పష్టంగా మెరుగు.

కీస్ అక్కడ చూసిన ఒక దృశ్యాన్ని తరువాత గుర్తుచేసుకునేవారు. అడవిలో పనిచేసి వచ్చిన కలప కూలీలు ఆవిరి స్నానం చేసి కూర్చుని, రొట్టెముక్కంత చీజ్ ముక్క తీసుకుని, దాని మీద మందంగా వెన్న రాసుకుని తినేవారట. రొట్టె ఉండవలసిన చోట చీజ్ ఉందన్నమాట. ఆ మనుషులను తప్పుపట్టడానికి నేనీ సంగతి చెప్పడం లేదు. మంచులో రోజంతా గొడ్డలి పట్టినవాడికి కావలసిన తిండి అది. యుద్ధకాలంలో ఆకలి చూసిన తరానికి వెన్న అంటే సిరి. వాళ్లు తాము తిన్నదే పిల్లలకూ పెట్టారు, ప్రేమతో పెట్టారు. మన కథకు ముఖ్యమైన సంగతి అదే.

1971 జనవరి నాటికి ఉత్తర కరేలియా ప్రజలకు ఓపిక నశించింది. పనిచేసే వయసులో ఉన్న మగవాళ్లు ఒకరి తరువాత ఒకరు కుప్పకూలిపోతుంటే, ఆ రాష్ట్ర గవర్నరు, పార్లమెంటు సభ్యులు, స్థానిక సంఘాల పెద్దలు కలిసి ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చారు. 1972లో ఉత్తర కరేలియా ప్రాజెక్టు మొదలైంది. దాని బాధ్యత పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి చేతిలో పెట్టారు. ఆ ఏడాది చేసిన సర్వేలో మగవాళ్లలో 52 శాతం మంది పొగ తాగుతున్నారు. సగటు కొలెస్ట్రాల్ లీటరుకు 6.9 మిల్లీమోల్, అంటే డెసిలీటరుకు సుమారు 267 మిల్లీగ్రాములు. సగటే అంత ఉంటే పైవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పదిమందిలో తొమ్మిదిమంది రొట్టె మీద వెన్నే రాసుకునేవారు.

ఆ ప్రాజెక్టు గురించి మీలో చాలామంది వినే ఉంటారు కనుక త్వరగా ముగిస్తాను. మార్తా అనే గృహిణుల సంఘం ఊరూరా వంటలు నేర్పింది. పాడి మీద ఆధారపడిన రైతులకు బెర్రీ పళ్ల సాగు దారి చూపించారు. కొలెస్ట్రాల్ ఎవరు ఎక్కువ తగ్గిస్తారోనని గ్రామాల మధ్య పోటీలు పెట్టారు. నాలుగు దశాబ్దాల్లో అక్కడి పనిచేసే వయసు మగవాళ్లలో గుండెపోటు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఇది వైద్య చరిత్రలో గొప్ప విజయాల్లో ఒకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే నన్ను వెంటాడే విషయం వేరే ఉంది. తూర్పున మరణాలు తగ్గాయి, పడమటా తగ్గాయి. రెండూ దిగాయి. దిగిన తరువాత కూడా తూర్పు పడమర కన్నా పైనే ఉండిపోయింది. వెన్న తగ్గింది, పొగ తగ్గింది, ఉప్పు తగ్గింది, మందులు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, ఆసుపత్రులు వచ్చాయి. మరి ఆ మిగిలిన తేడా ఎక్కడిది? నలభై ఏళ్లవాడి రక్తం పరీక్షించి దీనికి జవాబు చెప్పడం కుదరదు. అతను నలభై ఏళ్లవాడు కాకముందు ఏం జరిగిందో తెలియాలి.

ఆ తెలివిడి ఫిన్లాండ్‌కు సరైన సమయంలో వచ్చింది. 1980లో హెల్సింకి, తుర్కు, టాంపెరె, కువోపియో, ఔలు అనే ఐదు విశ్వవిద్యాలయ నగరాలు, వాటి చుట్టూ ఉన్న పల్లెల నుంచి 3, 6, 9, 12, 15, 18 ఏళ్ల వయసున్న 3,596 మంది పిల్లలను పిలిచి పరీక్షించారు. బరువు, ఎత్తు, రక్తపోటు, రక్తంలో కొవ్వులు, తిండి, ఆటలు, అమ్మానాన్నల చదువు, అన్నీ రాసుకున్నారు. తూర్పు పిల్లలకు పడమటి పిల్లల కన్నా కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది. పెద్దల పటంలో కనిపించిన గీత ఇంకా బడికి కూడా వెళ్లని పిల్లల రక్తంలో అప్పటికే ఉంది. అది చదివిన రోజు నేను కాసేపు పుస్తకం మూసి పెట్టాను. ఆ పసివాళ్లలో ఎవరూ సిగరెట్టు ముట్టలేదు, ఎవరికీ ఉద్యోగపు ఒత్తిడి లేదు, ఎవరూ దేనినీ తమంతట తాము ఎంచుకోలేదు.

అదే పిల్లలను 2001లో మళ్లీ పిలిచారు. అప్పటికి వాళ్లు 24 నుంచి 39 ఏళ్లవాళ్లు. ఈసారి మెడ దగ్గర అల్ట్రాసౌండ్ తీశారు. మీ వేలు దవడ కింద, గొంతు పక్కన పెట్టి చూడండి. కొట్టుకునేది కరొటిడ్ ధమని. పరికరాన్ని అక్కడ ఆనిస్తే తెర మీద ధమని ఒక నల్లటి కాలువలా కనిపిస్తుంది. కాలువ గట్టు వెంట రెండు సన్నని తెల్లటి గీతలు, వాటి మధ్య కాస్త బూడిదరంగు సందు. ఆ సందే ధమని గోడలోని లోపలి పొరల మందం. ఆరోగ్యంగా ఉన్న ముప్ఫై ఏళ్ల మనిషిలో అది అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ ఉంటుంది. ఆ మనిషికి నొప్పి లేదు, ఆయాసం లేదు, మెట్లు ఎక్కగలడు, పరుగెత్తగలడు. కానీ ఆ సందు వెడల్పులో వచ్చే చిన్న తేడా అతని ధమని ఎంత వేగంగా ముసలిదవుతోందో చెబుతుంది.

ఒల్లి రైతకారి బృందం 2003లో ప్రచురించిన ఫలితాల్లో 2,229 మంది వివరాలున్నాయి. 12 నుంచి 18 ఏళ్ల వయసులో చెడు కొలెస్ట్రాల్, రక్తపోటు, బరువు ఎక్కువగా ఉన్నవాళ్లకూ, అప్పటికే పొగ తాగినవాళ్లకూ పెద్దయ్యాక ధమని గోడ మందంగా ఉంది. పెద్దయ్యాక వాళ్లకు ఉన్న కొలెస్ట్రాల్‌నూ రక్తపోటునూ లెక్కలోకి తీసుకుని సవరించినా ఆ సంబంధం చెదరలేదు. అంటే కౌమారంలోని కొలెస్ట్రాల్ పెద్దయ్యాక ఉండబోయే కొలెస్ట్రాల్‌కు సూచన మాత్రమే కాదు, ఆ వయసులోనే దాని పని అది చేసుకుపోయింది.

రెండేళ్ల తరువాత అదే బృందం తూర్పు పడమరల ప్రశ్నను నేరుగా అడిగింది. అడిగిన తీరు నాకు చాలా నచ్చింది. నువ్వు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావు అనే కాదు, నీ ఇద్దరు తాతలూ, అమ్మమ్మా, నాయనమ్మా ఎక్కడ పుట్టారు అని కూడా చూశారు. తూర్పు మూలాలున్నవాళ్ల ధమని గోడ పడమటివాళ్ల కన్నా మందంగా ఉంది. తూర్పున పుట్టిన పెద్దల సంఖ్య పెరిగేకొద్దీ మనవడి ధమని మందం కూడా పెరిగింది. చిన్ననాటి రక్తపోటు, కొవ్వులు, పెద్దయ్యాక ఉన్నవి, అన్నీ సవరించి చూసినా తేడా పూర్తిగా పోలేదు.

జన్యువులా అని మీరు అడుగుతారు. కొంతవరకు అవును. స్వీడన్‌కూ నేటి రష్యాలోని నొవ్గొరొద్ రాజ్యానికీ మధ్య 1323లో ఒక సంధి కుదిరి, ఆ భూమి మీద ఆగ్నేయం నుంచి వాయవ్యానికి ఒక సరిహద్దు గీశారు. ఆ సరిహద్దు చెరిగిపోయి శతాబ్దాలు గడిచాయి. అయినా ఇటీవల ఫిన్లాండ్ ప్రజల జన్యువులను పరిశీలించినవారికి తూర్పు పడమరల విభజన దాదాపు ఆ పాత గీత వెంటే కనిపించింది. 16వ శతాబ్దంలో తూర్పు అడవుల్లోకి చిన్న చిన్న గుంపులుగా వెళ్లి స్థిరపడినవారి సంతతి చాలాకాలం తమలో తామే పెరిగింది. అలాంటి చోట ఒక అరుదైన జన్యులోపం ప్రవేశిస్తే చాలామందిలోకి పాకుతుంది. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా పెంచే జన్యుమార్పుల్లో ఒకదానికి ఉత్తర కరేలియా పేరే పెట్టారు.

కానీ అమ్మమ్మ పుట్టిన ఊరు అంటే ఆమె జన్యువులు ఒక్కటే కాదు. అక్కడి ఆకలి, అక్కడి చలి, ఆమె గర్భంలో అమ్మ ఎలా పెరిగింది, ఆ అమ్మ గర్భంలో బిడ్డ ఎలా పెరిగింది, ఇంట్లో వంట ఎలా ఉండేది, ఇవన్నీ ఆ ఒక్క ఊరి పేరులో ఇమిడి ఉంటాయి. తూర్పు ఫిన్లాండ్ పేద ప్రాంతం కూడా. ఈ మాటకొస్తే నార్వేలో ఆండర్స్ ఫోర్స్‌డాల్ అనే వైద్యుడిని తలచుకోవాలి. దేశపు ఉత్తర కొసన ఫిన్‌మార్క్‌లో పనిచేసిన అనుభవంతో ఆయన 1977లో ఒక చిత్రమైన పోలిక చూపించారు. ఒకనాడు ఏ జిల్లాల్లో శిశుమరణాలు ఎక్కువో, ఆ తరం పెద్దయ్యాక ఆ జిల్లాల్లోనే గుండె జబ్బు మరణాలూ ఎక్కువ. బాల్యంలో పేదరికం, తరువాత కలిమి. ఈ రెండూ ఒక మనిషి జీవితంలో ఒకదాని వెంట ఒకటి వస్తే ప్రమాదం అని ఆయన అన్నారు.

బ్రిటన్‌లో డేవిడ్ బార్కర్, క్లైవ్ ఆస్మండ్ 1986లో అలాంటి పనే ఇంకా విస్తారంగా చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లోని 212 ప్రాంతాల్లో 1921–25 మధ్య శిశుమరణాలను, 1968–78 మధ్య గుండె జబ్బు మరణాలను పక్కపక్కన పెట్టారు. రెండు పటాలూ దాదాపు ఒకటే. అయితే పటాలతో సరిపోదు, ఒక్కొక్క మనిషి వివరం కావాలి. అది హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పాత దస్త్రాల్లో దొరికింది. అక్కడ 1911లో మంత్రసానుల పర్యవేక్షణకు నియమితురాలైన ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ ప్రతి బిడ్డ పుట్టుక నమోదు చేయించేవారు. ఆ పుస్తకాల్లో ఒక్కో బిడ్డకు ఒక్కో వరుస. పుట్టినప్పటి బరువు. తల్లిపాలా, సీసాపాలా. టీకా వేశారా. ఏడాదికి ఎన్ని పళ్లు వచ్చాయి. ఏడాదికి బరువెంత. ఆ వరుసలు నింపిన నర్సులకు తాము ఏం దాచిపెడుతున్నామో తెలియదు. అరవై, డెబ్బై ఏళ్ల తరువాత ఆ వరుసల్లోని 5,654 మంది మగవాళ్లు ఎలా చనిపోయారో ఆరా తీశారు. దేశ సగటును 100 అనుకుంటే, ఏడాది వయసులో సుమారు 8 కిలోలు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో గుండె జబ్బు మరణాలు 111. 12 కిలోలు దాటినవాళ్లలో 42. ఆ పుస్తకంలో ఏడాది బరువు గడి నింపడానికి ఒక నర్సు ఇంటికి వెళ్లి బిడ్డను త్రాసులో పెట్టిన క్షణం నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

బిడ్డ లావుగా ఉంటే మంచిదని దీన్ని ఎవరూ అర్థం చేసుకోకండి. హెల్సింకిలో 1934–44 మధ్య పుట్టినవాళ్లను చూసినప్పుడు అసలు దారి తెలిసింది. తరువాత గుండెపోటు వచ్చినవాళ్లు పుట్టినప్పుడు చిన్నగా ఉన్నారు, రెండేళ్లకు బక్కగా ఉన్నారు, ఆ తరువాత పదకొండేళ్లదాకా తోటివాళ్ల కన్నా వేగంగా బరువు ఎక్కారు. ముందు లేమి, వెనక వేగం. కడుపులోనూ, తొలి రెండేళ్లలోనూ అందని పోషణను తరువాత బరువుతో భర్తీ చేయడం కుదరదు.

లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి. రక్తంలో చెడు కొలెస్ట్రాల్ కణాలు ధమని గోడ లోపలి పొర కిందికి జారి అక్కడ చిక్కుకుంటాయి. వాటిని తొలగించడానికి వచ్చిన తెల్లరక్తకణాలు వాటిని మింగి, ఉబ్బి, అక్కడే ఉండిపోతాయి. అలాంటివి చేరితే పసుపుపచ్చని కొవ్వు చార. ఏళ్లు గడిచాక కొన్ని చారలు గట్టిపడి దిబ్బలవుతాయి. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించి 1953లో వైద్యులు ప్రకటించిన సంగతి ఆనాడు లోకాన్ని నివ్వెరపరిచింది. సగటు వయసు 22 ఏళ్లు. నూటికి 77 మందిలో ధమనుల జబ్బు ఆనవాళ్లున్నాయి. తరువాత అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బొగలూసా అనే పట్టణంలో జెరాల్డ్ బెరెన్సన్ అనే వైద్యుడు 1973 నుంచి పిల్లలను గమనిస్తూ వచ్చారు. వాళ్లలో ప్రమాదాల వల్లా, ఇతరత్రా చిన్న వయసులోనే చనిపోయిన 204 మందికి శవపరీక్ష చేశారు. వాళ్ల వయసు 2 నుంచి 39. ముప్పు కారకాలేవీ లేనివారిలో గుండె ధమనుల లోపలి గోడ మీద కొవ్వు చారలు 1.3 శాతం మేర ఉంటే, మూడు నాలుగు కారకాలున్నవారిలో 11 శాతం మేర పరుచుకున్నాయి. కారకాలు కలిస్తే ఫలితం కూడిక లెక్కన పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది. ఒక తల్లి తన బిడ్డను కోల్పోయి కూడా ఆ పరీక్షకు ఒప్పుకోవడం వల్లే ఈ రోజు మనకీ సంగతి తెలిసింది. ఆ కుటుంబాలకు మనం రుణపడి ఉన్నాం.

చారలూ మందమూ సరే, నిజంగా గుండెపోట్లు వచ్చాయా అన్న సందేహం చాలాకాలం మిగిలింది. ఫిన్లాండ్, అమెరికా, ఆస్ట్రేలియాల్లోని ఏడు బాల్య అధ్యయనాలను కలిపి 38,589 మందిని సుమారు 35 ఏళ్లు గమనించిన ఫలితాలు 2022లో వచ్చాయి. వచ్చాయనే తేలింది. బాల్యంలోని బరువు, రక్తపోటు, కొవ్వులు, పొగ అలవాటు నడివయసు గుండెపోట్లను ముందే చెప్పాయి.

ఇదంతా విని బాల్యం ఒక తీర్పు అనుకునేవారున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఊరు మారితే గుండె మారుతుందని హిరోషిమా, నాగసాకిల్లో ఉండిపోయిన జపాన్ మగవాళ్లను, హొనొలులుకూ శాన్ ఫ్రాన్సిస్కోకూ వెళ్లిన జపాన్ మూలాలవారినీ పోల్చిన పెద్ద అధ్యయనం చూపించింది. ఒకే జాతి మూలం. కానీ జపాన్‌లో గుండె జబ్బు అతి తక్కువ, హవాయిలో ఎక్కువ, కాలిఫోర్నియాలో ఇంకా ఎక్కువ. చెడుగా మారగలిగినది మంచిగానూ మారగలదు. 2011లో 6,328 మంది వివరాలతో ఇంకో ఫలితం వచ్చింది. చిన్నప్పుడు బరువెక్కువగా ఉండి పెద్దయ్యేసరికి స్థూలకాయం లేకుండా బయటపడినవారికి మధుమేహం, రక్తపోటు, ధమని గోడ మందం ముప్పు ఎప్పుడూ బరువెక్కనివారితో సమానంగానే ఉంది.

ఇంకా తొందరగా మొదలుపెడితే? తుర్కులో 1990 ప్రాంతంలో అదే చేసి చూశారు. ఏడు నెలల పసికందులు, 1,062 మంది. సగం కుటుంబాలకు వెన్నలాంటి గట్టి కొవ్వు తగ్గించి నూనెల్లాంటి మెత్తని కొవ్వుతో వండుకోవడం గురించి ఇరవై ఏళ్ల వయసుదాకా సలహా ఇస్తూనే వచ్చారు. పిల్లల ఎదుగుదల ఏమాత్రం తగ్గలేదు, కొలెస్ట్రాల్ తగ్గింది. ఉత్తర కరేలియాలో కూడా 1978–80 మధ్య ఏడో తరగతి పిల్లలకు సిగరెట్టు వద్దనడం ఎలాగో తోటి పిల్లల చేతే నేర్పించారు. పదిహేనేళ్ల తరువాత చూసినా ఆ పిల్లల్లో పొగ తాగేవాళ్లు తక్కువగానే ఉన్నారు. ఇక బడి భోజనం సంగతి. ఫిన్లాండ్ 1943లో, యుద్ధం మధ్యలో, బడి పిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టాలని చట్టం చేసింది. 1948 నుంచి అది పూర్తిగా అమలైంది. అంటే తూర్పు పిల్లవాడి పళ్లెంలో పడమటి పిల్లవాడి తిండే పెట్టగల దారి ఆ దేశానికి ముందే సిద్ధంగా ఉంది.

వైద్యుల దగ్గరికి వస్తాను. యూరప్ గుండె వైద్యులు 2021 నుంచి వాడుతున్న ముప్పు లెక్క 40 నుంచి 69 ఏళ్లవారికి పనికొస్తుంది. అందులో దేశాలను నాలుగు గుంపులుగా విడదీశారు. ఒకే వయసు, ఒకే రక్తపోటు, ఒకే కొలెస్ట్రాల్ ఉన్న ఇద్దరు మనుషులకు దేశాన్ని బట్టి వేర్వేరు అంకెలు వస్తాయి. ఒకప్పుడు ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచిన ఫిన్లాండ్ ఇప్పుడు మధ్యస్థ ముప్పు గుంపులో ఉంది. చూసి సంతోషించాను. కానీ తుర్కు మనిషికీ ఇలోమాంట్సి మనిషికీ ఆ పట్టిక ఒకటే. నువ్వు ఎక్కడ పుట్టావు, ఏడాదికి నీ బరువెంత, మీ ఇంట్లో రొట్టె మీద ఏం రాసేవారు అని అందులో ఎక్కడా లేదు. అడగకపోతే తెలియదు. అందుకే మాట వినే ప్రతి యువ వైద్యుడినీ నేను కోరేది ఒకటే. రక్తపోటు చూసేటప్పుడు ఆ మనిషి బాల్యం గురించి రెండు నిమిషాలు అడగండి.

1980లో మూడేళ్ల వయసులో సూదికి భయపడి ఏడ్చిన ఆ పిల్లలు ఇప్పుడు యాభైకి చేరువలో ఉన్నారు. 2018లో మొదలైన విడతలో వాళ్లను ఒంటరిగా పిలవలేదు. వాళ్ల ముసలి తల్లిదండ్రులను, వాళ్ల పిల్లలను కూడా పిలిచారు. ఒకే కుటుంబంలో మూడు తరాల రక్తం, మూడు తరాల లెక్కలు ఒకే దస్త్రంలోకి చేరాయి. తూర్పున కువోపియో నుంచి వచ్చిన మనవరాలి లెక్కలు, పడమట తుర్కు నుంచి వచ్చిన మనవరాలి లెక్కలు అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండు వరుసల మధ్య తేడా ఇంకా ఎంత మిగిలిందో ఆ దస్త్రమే చెప్పాలి. దానికోసమే నేను ఎదురుచూస్తున్నాను.

నమస్కారం.